ఎంగిలి ముద్ద

భరణి కార్తె, బుధవారం

వేడి: గోరువెచ్చన. వాసన: రత్నం మాటల్లో చెప్పాలంటే తడిసిన మేక. నురగ: కుండ మూతిదాకా.

వ్యాఖ్య గడిలో కథలు రాయొద్దని పెరిందేవి మేడం నాకు ఇదివరకే రెండుసార్లు చెప్పారు. నిలకడ ఆహార శాస్త్రంలో ఆఖరి సంవత్సరం చదివేవాళ్ళు రాయాల్సింది పిల్లకుండ ఎలా ఉందని మాత్రమేనట. దాన్ని పెంచేవాళ్ళ కడుపు ఎలా ఉందో విశ్వవిద్యాలయానికి అక్కర్లేదట. గడి ఇంత పెద్దగా గీసి చేతికిచ్చి రాయొద్దంటే ఎలా? రాస్తాను. మార్కులు తగ్గిస్తే తగ్గించుకోండి.

నా కుండ పెంపకం అందరిలాంటిది కాదు. మిగతావాళ్ళు భోజనశాల గాబులోంచి తెచ్చి పిల్లకుండల్లో పెంచే తోడుకి జొన్నచొప్ప నీళ్ళు పోసి, రెండు పూటలా ఎంగిలి ముద్ద వేస్తారు. నేను సర్కారు తుమ్మకాయలు నానబెట్టి, ఆ తీపి నీళ్ళలో ఉప్పు కలిపి పోస్తాను. ఎంగిలి వెయ్యను. కావాలనే వెయ్యను. మా రావులకొల్లులో నీళ్ళు ఉప్పన, పెరిగేది తుమ్మ ఒక్కటే. మూడేళ్ళ కిందట ఉప్పు ఊటెక్కి మా ఊరి గాబు, ఊరందరి తోడూ పెరిగే తొట్టి, చచ్చిపోయింది. గాబు చచ్చిన ఊళ్ళో తినడానికి తరక ఉండదు, తరక లేని ఊళ్ళో పిల్లల కాళ్ళు చీపురుపుల్లలవుతాయి. అప్పటినుంచీ సర్కారు బస్తా పిండిలో తుమ్మకాయ పొడి కలిపి రొట్టెలు కాల్చుకుని బతుకుతున్నారు. ఉప్పునీళ్ళకి తట్టుకుని, తుమ్మకాయ తిని పెరిగే తోడు ఒక్క కుండెడు తెచ్చిపెట్టమని ఊరంతా కలిసి నన్నిక్కడికి పంపింది. మృగశిర వానలకు మా ఊరి ఉప్పుబాట కరిగిపోకముందే ఓబులేసు మామ బండేసుకుని వచ్చి నన్నూ కుండనూ తీసుకెళ్తాడు. నా చదువంతా ఆ ఒక్క కుండలో ఉంది.

ఇవాళ భోజనాల దగ్గర రత్నం ముక్కు మూసుకుంది. రత్నం నా గదిలో ఉంటుంది. సముద్రం మింగేసిన లంకల నుంచి వచ్చిన కుటుంబం వాళ్ళది. ఊరు పోయినా ఎకసెక్కం పోలేదు.

"ఏంటే సుంకూ, చేతులు ఆ కంపు కొడుతున్నాయి? ఎంగిలి పడని కుండ గదా, తల్లి లేని పిల్లలాగా ఏడుస్తుంది పాపం. ఒక్క ముద్ద నేనేసి పెట్టనా?"

"వేశావంటే చెయ్యి విరిచేస్తా."

"అబ్బో, కన్నతల్లి మాట్లాడిందండీ!"

నవ్వుతూ లేచి, తన మొదటి ముద్ద నమిలి, గాబులో ఉమ్మి వచ్చింది. మా భోజనశాల నడుమ ఉన్న ఆ సిమెంటు గాబే ఈ గుట్టలోపల బతికే అరవై మందికీ తల్లి. పగలంతా చొప్ప నీళ్ళు తాగి మర్నాటికి పైన మందంగా తరక కడుతుంది. ఆ తరకను తీసి, పిండి, ఆవిరిమీద ఉడికిస్తే అదే మా తిండి. ప్రతి పూటా ప్రతివాళ్ళూ మొదటి ముద్ద నమిలి గాబుకివ్వాలి. నోటి ఎంగిలి తగిలితేనే చొప్పలోని పిండి విరిగి తోడుకి అరుగుతుందని మొదటి సంవత్సరంలో పాఠం చెప్తారు. ఇప్పుడు పాఠం ఎవరికీ గుర్తులేదు, కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టి మరీ ఉమ్ముతున్నారు. ఒకప్పుడు ఎంగిలంటే అంటరానిదట, ఒకరి ఎంగిలి ఒకరు ముట్టేవాళ్ళు కాదట. ఇప్పుడు ఎంగిలి చెయ్యకుండా తిన్నవాణ్ణి దొంగను చూసినట్టు చూస్తారు.

రత్నానికి దగ్గు మళ్ళీ ఎక్కువైంది. కింది సొరంగంలో నిలవచేసిన చొప్పకు బూజు పట్టి, ఆ పొడి అందరి ఊపిరితిత్తుల్లోకీ పోయింది. దవాఖానా వాళ్ళు బూజు చంపే బిళ్ళలు పంచారు. పొద్దస్తమానం బుగ్గన పెట్టుకుని చప్పరించాలి. అందరికీ తప్పనిసరి. చేదు విషం.

కృత్తిక కార్తె, శుక్రవారం

వేడి, వాసన, నురగ: నా కుండకేం, రాయిలా ఉంది.

గాబు బాగాలేదు. నాలుగు రోజులుగా తరక పల్చబడుతూ వచ్చి ఇవాళ చేత్తో తియ్యబోతే వేళ్ళ మధ్యనుంచి జారిపోయింది. వంటవాళ్ళు నిలవ ఉంచిన తరక అప్పాలు దించారు. కొరికితే పన్ను ఊడేలా ఉన్నాయి. అవీ ఎన్నో లేవు.

సాయంత్రం పెరిందేవి మేడం అందరినీ పిలిచారు. ఆవిడ ఈ గాబుతో ముప్పై ఏళ్ళు గడిపిన మనిషి. పొద్దున్నే వచ్చి దాని అంచు నిమిరితేగాని కాఫీ నీళ్ళు కూడా తాగరు.

"తోడు నీరసించింది. చొప్పలో సారం తగ్గినట్టుంది, అరిగించుకోలేకపోతోంది. రేపటినుంచి పూటకి ఒక ముద్ద కాదు, మూడు ముద్దలు. బాగా నమిలి వెయ్యండి. మన తల్లికి మనమే నమిలి పెట్టాలి."

ఆకలి మీద ఉన్నా సరే, ముగ్గురు నలుగురు అక్కడికక్కడే లేచి ముద్ద నమిలారు. చీపురు పట్టుకోవడానికే బద్ధకించే సీనియర్లు కూడా వరసలో నిలబడ్డారు. చూస్తే నాకు గుండె నిండిపోయింది. నేనూ మూడు ముద్దలు వేశాను.

కృత్తిక కార్తె, మంగళవారం

గాబు మీద తరక అసలు కట్టలేదు. నీళ్ళు నల్లగా, నూనె తేలినట్టు ఉన్నాయి. మూడు ముద్దలు నాలుగయ్యాయి. రత్నం తన భాగంలో సగం గాబుకే వేసేసి మిగతా సగం తిని పడుకుంది. దగ్గుతూ, మధ్యలో బిళ్ళ చప్పరిస్తూ, పళ్ళెం చేత్తో పట్టుకుని గాబు దాకా నడిచి వెళ్ళింది. నేను వెళ్ళి వేసొస్తా ఇవ్వవే అంటే వినలేదు.

"నా ముద్ద నువ్వు నమిలితే నీ ఎంగిలి అవుద్దిగానీ నాదెట్టా అవుద్దే?"

ఇంకో సంగతి. పిల్లకుండలు వరసగా చస్తున్నాయి. ఆఖరి సంవత్సరంలో పదకొండు మందిమి ఉన్నాం. ఆదివారం రెండు కుండలు పోయాయి, నిన్న అయిదు, ఇవాళ పొద్దున నాది తప్ప మిగతావన్నీ. రత్నం తన కుండ మూత తీసి చూసి, దాన్ని ఒళ్ళో పెట్టుకుని గోడకానుకుని కూర్చుంది.

నాది ఒక్కటే పొంగుతోంది. వసారాలో నడుస్తుంటే అందరూ నన్నే చూస్తున్నారు. ఒక జూనియర్ పిల్ల నేరుగా అడిగేసింది, "అక్కా, మీ కుండకేం పెడుతున్నారు?" అని. తుమ్మకాయలు అన్నాను. నాకూ అదే అనిపిస్తోంది, తుమ్మకాయలో ఏదో మహిమ ఉందని.

కృత్తిక కార్తె, గురువారం

తుమ్మకాయ మహిమ కాదు.

పొద్దున రత్నం దగ్గుతూ ఉంటే నోట్లో బిళ్ళ జారి కింద పడింది. తీసి ఇవ్వబోతూ దాన్ని చూశాను. బూజు చంపే బిళ్ళ. మన తోడు ఏమిటి? అదీ బూజు జాతే.

నా కుండలోంచి రెండు గిన్నెల్లోకి కొంచెం కొంచెం తోడు వంపాను. ఒక గిన్నెలో ఏమీ వెయ్యలేదు. రెండో గిన్నెలో ఒక ముద్ద నమిలి ఉమ్మాను. బుగ్గన బిళ్ళతోనే, అందరూ చేసేటట్టే. సాయంత్రానికి మొదటి గిన్నె పొంగి ఒలికింది. రెండో గిన్నెలో నల్లటి నీళ్ళు, నూనె తెట్టు.

నమిలిన ప్రతి ముద్దతోనూ మందు పెట్టాం గాబుకి. అది నీరసించిందని మూడింతలు పెట్టాం. దణ్ణం పెట్టి మరీ పెట్టాం. ఇక్కడ ఉన్నదంతా ఆహారశాస్త్రం చదివినవాళ్ళే, నాతో సహా. చొప్పను పరీక్షించాం, నీళ్ళను పరీక్షించాం, గాబు సిమెంటును గీకి పరీక్షించాం. మా నోళ్ళను పరీక్షించాలని ఒక్కరికీ తోచలేదు. ఎంగిలి మాకు చదువు కాదు, పుట్టినప్పటినుంచీ వస్తున్న అలవాటు. ఇంట్లో అమ్మ పెట్టే అన్నాన్ని ఎవరు పరీక్షిస్తారు?

రెండు గిన్నెలూ పట్టుకెళ్ళి మేడం బల్లమీద పెట్టి సంగతి చెప్పాను. ఆవిడ ఆ నల్ల నీళ్ళలోకి చూసి, తన నోట్లోని బిళ్ళను అరచేతిలోకి ఉమ్మి దానివైపు చూశారు.

"మూడు ముద్దలు వెయ్యమన్నది నేను," అన్నారు.

"నేనూ వేశాను మేడం."

"బిళ్ళలు ఆపేస్తే?"

"మందు ఎంగిల్లో రెండు వారాలుంటుందని దవాఖానాలో చెప్పారు. అప్పాలు ఇంకో వారానికి మించి రావు. ఆపేస్తే దగ్గున్నవాళ్ళు ఈలోపే పోతారు."

ఆవిడ తల ఊపి, బిళ్ళ మళ్ళీ నోట్లో వేసుకున్నారు. నాకు ఆవిడమీద కోపం రావాలి, రాలేదు. ఏడుపొచ్చింది.

రోహిణి కార్తె, సోమవారం

వేడి: ఎక్కువ. నురగ: ఉన్న సగం కుండకి సరిపడా.

అవును, సగం కుండ. రేడియోలో సాయం అడిగితే సర్కారు వాళ్ళు వానలు వెలిశాక చూద్దామన్నారు. అప్పటికి చూడ్డానికి ఇక్కడ ఎవరుంటారని అడగబోయేలోపు పెట్టేశారు. ఇక చేసేదేముంది, గాబు కడిగాం. రెండు రోజులు బూడిదతో తోమి, వేణ్ణీళ్ళు పోసి, కొత్త చొప్ప నీళ్ళు నింపి, నా కుండలో సగం అందులో పోశాను. పొయ్యమని ఎవరూ నన్ను బలవంతం చెయ్యలేదు. అరవై మంది నిలబడి చూస్తుంటే బలవంతం ఎందుకు?

పట్టలేదు. నా తోడు తుమ్మ తీపికి అలవాటుపడింది. దానికి చొప్ప అరగదు. అరగాలంటే ఎంగిలి కావాలి, మా ఎంగిలేమో విషం. తుమ్మకాయలు పోద్దామంటే నా దగ్గరున్నది అర బస్తా, గాబు అడుగు కూడా తడవదు. ఈ గుట్ట చుట్టుపక్కల తుమ్మ చెట్టు లేదు. పనికిమాలిన ముళ్ళచెట్టని మా విశ్వవిద్యాలయమే వేళ్ళతో సహా పీకించింది. దానిమీద ఒక పాఠం కూడా ఉంది, నాకు అందులో మంచి మార్కులొచ్చాయి.

మూడో రోజుకి గాబు మళ్ళీ నల్లబడింది. మా ఊరి తోడు సగం పోయింది. అప్పాలు రోజుకి సగం చొప్పున సాగదీస్తున్నారు. ఆకలికి నాకు కళ్ళు తిరుగుతున్నాయి, కోపానికి ఇంకా ఎక్కువ తిరుగుతున్నాయి. ఎవరిమీద అరవాలో తెలియక రత్నం మీద అరిచాను. అది పడుకునే ఉండి, "అరువు అరువు, నాకేం నొప్పా," అంది.

రోహిణి కార్తె, శనివారం

ఓబులేసు మామ వచ్చాడు.

బయట తిరగొద్దనే ఎండ సైరన్ మోగకముందే పొద్దున్నే గుట్ట వాకిట్లో బండి ఆపి, "సుంకా! యాడుండావే తల్లీ!" అని ఒక్క కేక పెట్టాడు. మా నాన్నకి వరసకి బావ. పోయినసారికన్నా సగమయ్యాడు మనిషి.

"కుండ యాడ? బాగుండాదా? ఊర్లో అందురూ దావ చూస్తాండారు. మీ నాయన గాబు కడిగి సున్నం గూడ కొట్టినాడు."

నేను నోరు తెరిచేలోపే వెనకనుంచి పెరిందేవి మేడం వచ్చారు. ఆవిడ వెనక అందరూ వచ్చారు. నా కుండ ఆవిడ చంకలో ఉంది. పొద్దున నేను మొహం కడుక్కోవడానికి వెళ్ళినప్పుడు గదిలోంచి తీసుకెళ్ళి తన గదిలో పెట్టుకుని తాళం వేసుకున్నారట.

"ఈ కుండ ఇక్కడి గాబులోంచి పుట్టింది సుంకమ్మా. ఈ అరవై మందికీ దీనిమీద హక్కుంది. దీన్ని పంపించి వీళ్ళను ఏం తినమనను?"

"మా ఊరికి లేదా హక్కు? మూడేళ్ళనుంచి ఎదురు చూస్తున్నారు మేడం! సగం పోశాను, చంపారు. మిగతా సగం కూడా పోసి చంపుతారా? మీ గాబుకి పెట్టడానికి తుమ్మకాయలేవీ?"

గొంతు చించుకుని అరిచాను. గురువుతో అలా మాట్లాడతానని ఎన్నడూ అనుకోలేదు. ఆవిడ కుండను ఇంకా గట్టిగా పట్టుకున్నారు. ఇద్దరం లాక్కుంటే పగిలిపోతుందని ఇద్దరికీ భయం.

మామ మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"తుమ్మకాయలా? మా ఊర్లో కాళ్ళ కింద పడుండాయి గదా మేడం. బండ్లకు బండ్లు. తినేకి గొర్రెలు గూడ లేవు."

మామ తలపాగా తీసి మొహం తుడుచుకున్నాడు.

"కుండ ఒగటే రావల్లని ఎవురు జెప్పినారు?" అన్నాడు మెల్లగా. "గాబు మాకాడుండాది. కాయలు మాకాడుండాయి. మీరు గూడ రాండి."

ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. నాకు ఆ మాట నచ్చలేదు. మా ఊరు అడిగింది ఒక్క కుండ, నేను అరవై నోళ్ళు తీసుకెళ్తానా? అమ్మ తన రొట్టెలో ముక్క తుంచి పక్కింటి పిల్లలకి పెట్టడం చూసిన కళ్ళు నావి. "మామా, ఉండేది మనకే చాలదు కదా," అన్నాను అతని చెవిలో. పైకి అనడానికి సిగ్గేసింది.

"చాలదు," అన్నాడు మామ. "కుండ మేలుకునేదాంక ఒగరి రొట్టె ఇద్దురం తినల్ల. అంతే గదా. వీళ్ళను ఈడ ఇడిసిపెట్టి పోతే ఆ తరక నీకు దిగుతుందా?"

అప్పుడు రత్నం కనపడింది, గోడ పట్టుకుని నిలబడి, నావైపు కాకుండా ఎటో చూస్తూ. నేను సరే అన్నాను. మేడం కుండను తెచ్చి నా చేతుల్లో పెట్టారు.

రోహిణి కార్తె, ఆదివారం

ఏర్పాటు ఇది. బండిలో నడవలేని నలుగురు రోగులూ కుండా. మిగతావాళ్ళం ఎండ తగ్గాక నడుస్తాం. నీళ్ళ పీపా మాతో ఉంచి, బండిలోవాళ్ళకి మనిషికో సీసా ఇచ్చాం. మామ పగలంతా ఆపకుండా తోలి, వాళ్ళను దించి, ఊళ్ళో నీళ్ళు నింపుకుని మాకు ఎదురు వస్తాడు. వాన పడితే ఉప్పుబాట బురద. మబ్బులు అప్పుడే దక్షిణాన కనిపిస్తున్నాయి.

కుండ ఎవరి ఒళ్ళో పెట్టాలి? బండి కుదుపుకి కింద పెడితే పగులుతుంది. పగటి ఎండకి తోడు వేడెక్కితే చస్తుంది. మూతికి గుడ్డ కట్టి, కుండ చుట్టూ తడిగుడ్డ చుట్టి, ఆ నలుగురిలో ఉన్న రత్నానికి ఇచ్చాను.

"నీ అనాథ పిల్లని నాకు అప్పజెప్తున్నావా?" అంది రత్నం. "దగ్గు వస్తే అటు తిరిగి దగ్గుతాలే. భయపడకు."

"గుడ్డ ఆరనివ్వకు," అన్నాను. "ఏం జరిగినా గుడ్డ ఆరనివ్వకు."

"సరేనమ్మా కన్నతల్లీ."

బండి కదిలాక చెయ్యి ఊపబోయి ఆగిపోయింది. రెండు చేతులూ కుండ చుట్టూ ఉన్నాయి.

మృగశిర కార్తె, బహుశా మంగళవారం

నడక. కాళ్ళ పగుళ్ళలో ఉప్పు. అప్పాలు అయిపోయాయి. ఒక జూనియర్ పిల్ల కూర్చుండిపోతే మేడం వీపున వేసుకుని నడిచారు, అరవై ఏళ్ళ మనిషి. తర్వాత ఆవిణ్ణి ఇద్దరం చెరో రెక్కా పట్టుకుని నడిపించాం.

పొద్దెక్కుతుంటే ఎదురుగా దుమ్ము లేచింది. మామ బండి. పరుగెత్తాను.

"కుండ?"

"చల్లంగ చేరినాది తల్లీ. మీ నాయన ఎత్తుకోని పోయినాడు లోపలికి. నురగ గూడ ఉండాది."

అక్కడే నేలమీద కూర్చుని ఏడ్చాను. నవ్వాను కూడా. అందరికీ అరిచి చెప్పాను, కుండ చేరింది, కుండ బతికుంది అని. జనం ఒకర్నొకరు పట్టుకున్నారు. మామ నీళ్ళు పోస్తున్నాడు, నేను తాగుతున్నాను. రెండో చెంబు సగం తాగాక చూశాను, మామ నా మొహంలోకి చూడ్డంలేదు.

రత్నం ఎలా ఉందని నేను అప్పటిదాకా అడగలేదు. ఇది కూడా రాస్తున్నాను. కుండ సంగతే ముందు అడిగాను.

"నీళ్ళు తాగు పాపా అని బండి ఆపి ఆపి అడిగితి," అన్నాడు మామ. "తాగినా అనె. సీసా కాలీ అయిండె. తాగిందనే అనుకొంటి. గుడ్డ తడుపుతా వచ్చిందని నాకేం తెలుసు? ఊరి కాడికి పోయేసరికి... కుండ మాత్రం ఒళ్ళోంచి జారలే. చేతులిడిపించేకి మీ యమ్మ చానా కష్టపడె."

సీసాలో నీళ్ళున్నాయి కదే. నీ సీసానే కదే అది. గుడ్డ ఆరనివ్వకు అంటే నువ్వు తాగడం మానమనా? నేనలా అన్లేదే. అన్నాను. ఏం జరిగినా అన్నాను.

మృగశిర కార్తె, గురువారం

రావులకొల్లు.

ఊరి మొదట్లో అందరూ నిలబడి ఉన్నారు. ఒక్క కుండ కోసం ఎదురుచూసిన ఊరు అరవై మందిని చూసింది. అమ్మ ముందుకొచ్చింది. నా భుజాలు తడిమి, నా వెనకున్న వరసంతా చూసింది.

"ఇంతమందా?" అంది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. తర్వాత అమ్మ వెనక్కి తిరిగి ఊరివాళ్ళతో, "ఏమిట్లా చూస్తా నిలబడినారు? పొయ్యిలు ముట్టీండి," అంది.

నాన్న నన్ను గాబు దగ్గరికి తీసుకెళ్ళాడు. కుండ ఇంకా పొయ్యలేదు, నేను రావాలని ఆపాడట. గాబులోకి తొంగి చూశాను. కొత్త సున్నం కొట్టిన గోడల నడుమ, అడుగున మోకాలెత్తున ఎండిన ముద్దలు. చిన్నవి, పెద్దవి, పళ్ళ గుర్తులతో సహా ఎండిపోయినవి.

"గాబు కడిగేటప్పుడు తీసి బయట పెట్టి మళ్ళా పోసినా," అన్నాడు నాన్న. "గాబు సచ్చినా ముద్ద ఏసేది ఎవురూ మానలే. ఏంటికి ఏస్తాండామో తెల్దు. ఒగ పూట మానితే ఆశ ఇడిసినట్టవుతుందని ఏసినాం."

తుమ్మకాయ రొట్టె ముద్దలు. బిళ్ళ ముట్టని నోళ్ళు మూడేళ్ళుగా నమిలినవి. ఇంతకంటే మంచి మేత నా తోడుకి నేను చదివిన ఏ పాఠంలోనూ లేదు. నానబెట్టిన కాయల నీళ్ళు పోయించి, ముద్దలన్నీ తడిసి ఉబ్బాక, కుండ వంచాను. చిట్టచివరి చుక్కదాకా. కుండ పైన రత్నం ఆరనివ్వని గుడ్డ ఇంకా తడిగానే ఉంది. అమ్మ తడుపుతూ ఉందట.

తర్వాత రొట్టెలు. మనిషికి సగం. గుట్టనుంచి వచ్చిన మావాళ్ళందరూ గాబు చుట్టూ నిలబడి, ప్రాణాలు కళ్ళలో పెట్టుకుని కూడా, మొదటి ముక్క నోట్లో పెట్టుకుని నమలడం మొదలుపెట్టారు. గాబుకి ఇవ్వడానికి.

"వెయ్యొద్దు!" అని అరిచాను. "మింగేయండి! ఎవరూ వెయ్యొద్దు!"

ఆగిపోయారు. బుగ్గల్లో ముద్దతో, సగం వంగి, అలాగే నిలబడ్డారు. గాబు ఎదురుగా ఉండగా ఎన్నడూ మొదటి ముద్ద మింగినవాళ్ళు కాదు. పెరిందేవి మేడం మింగలేక మింగి, కొంగుతో మొహం కప్పుకున్నారు. ఎంగిలి చెయ్యకుండా ఇంకొకరి ఊళ్ళో తిండి తినడం కన్నా అవమానం ఆవిడకి ఇంకోటి లేదు.

ఊరివాళ్ళకి ఏమీ అర్థంకాలేదు. నేను చెప్పాను, మా నోళ్ళలో మందుందని, బిళ్ళలు ఆపినా ఇంకో రెండు వారాలు మా ఎంగిలి గాబులో పడకూడదని. అమ్మ విన్నది. తన సగం రొట్టెలోంచి ఒక ముక్క తుంచి, మేడం దగ్గరికెళ్ళి అడిగింది.

"నీ పేరేమక్కా?"

"పెరిందేవి."

అమ్మ ఆ ముక్క నమిలి, "ఇది పెరిందేవక్కది," అని గాబులో వేసింది. తర్వాత నాన్న ఒక కుర్రాడి పేరడిగాడు. తర్వాత మామ. తర్వాత ఊళ్ళో అందరూ ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి పేరు అడగడం మొదలుపెట్టారు. తమకున్న సగం రొట్టెలోంచే తుంచి, పేరు చెప్పి, నమిలి వేశారు. కొందరికి పేర్లు సరిగ్గా పలకడం రాలేదు. రెండుసార్లు అడిగి మరీ వేశారు.

అందరి పేర్లూ అయిపోయాయి. అమ్మ చేతిలో ఒక ముక్క మిగిలింది, ఆవిడ తినాల్సిన ఆఖరిది. నావైపు చూసింది.

"ఆ కుండ తెచ్చిన పిల్ల పేరేమి?"

నేను నమిలి వెయ్యాలి అది. నేనే వెయ్యాలి. నా నోట్లో మందుంది.

"రత్నం," అన్నాను. "మరియరత్నం."

అమ్మ కళ్ళు మూసుకుని చాలాసేపు నమిలింది.

మృగశిర కార్తె, శుక్రవారం

వాన మొదలైంది. ఉప్పుబాట పోయింది. ఇక ఎటూ వెళ్ళేది లేదు, ఎవరూ వచ్చేది లేదు. బస్తాల్లో పిండి ఊరికి సరిపోయేదే, ఇప్పుడు రెండు ఊళ్ళకి. ఈ గాబు పొంగకపోతే అందరం ఇక్కడే.

వేడి: చెయ్యి పెడితే గోరువెచ్చన.

వాసన: తడిసిన మేక. ముక్కు మూసుకునే మనిషి లేదు.

నురగ: నిన్న అమ్మ ఆఖరి ముద్ద వేసిన మూలన, గోరంత.